సీటు మీద కండువా

ముప్పయ్యేళ్ళు కాలేజీలో కామర్సు చెప్పిన మనిషికి చివరికి పుస్తకాలు మిగలాలి. చెంచురామయ్య మాస్టారికి కండువాలు మిగిలాయి.

అందులో ఆయన తప్పేమీ లేదు. చిలకలూరిపేటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏ కార్యం జరిగినా ముందు వరసలో కూర్చోబెట్టడానికి ఒక పెద్దమనిషి కావాలి. చెంచురామయ్య పొడుగ్గా, నిదానంగా, ముందు వరస కోసమే పుట్టినట్టు ఉంటాడు. పిలిస్తే వెళ్తాడు. మైకు చేతికిస్తే రెండు మాటలు చెప్పి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ గుణం అరుదు కాబట్టి పిలుపులు ఎక్కువ. శిష్యుల పెళ్ళిళ్ళలో, పత్తి మిల్లు ప్రారంభంలో, జెండా పండగలో, ఎవరో ఒకరు ఆయన మెడలో కండువా వేసేవారు. వేసినవాళ్ళు ఫొటో దిగి వెళ్ళిపోయేవారు. కండువా మాత్రం ఆయనతో ఇంటికి వచ్చేది.

ఆయన భార్య సుబ్బరావమ్మ ఉన్నన్నాళ్ళూ కండువాల రాజ్యం ఆమెది. పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి గుమ్మం పక్కన కొక్కేనికి ఒక కండువా వేలాడుతూ ఉండేది. చావింటికైతే అంచు లేనిది, పెళ్ళికైతే జరీది, బజారుకైతే గళ్ళది. ఏది వేసుకోను అని ఆయన ఏనాడూ అడగలేదు. పాదుకి దొండకాయలు కాసినట్టు కొక్కేనికి కండువాలు కాస్తాయని అనుకున్నాడు.

రెండేళ్ళ కిందట సుబ్బరావమ్మ పోయింది. కొక్కెం కాయడం మానేసింది.

అప్పట్నుంచీ ఆయన బీరువా తెరిచి చేతికి తగిలింది వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి పరామర్శకి వెళ్తూ జరీ నెమళ్ళున్న కండువా వేసుకెళ్ళాడు. శవం దగ్గర ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి నెమళ్ళని చూశారు. చనిపోయినాయన కొడుకు చేతులు కట్టుకుని, "మాస్టారూ, నాన్న పోయినందుకు మీకు అంత సంతోషంగా ఉందాండీ?" అన్నాడు.

ఇంకోసారి, అది రెండువేల నాలుగు ఎన్నికల కాలం, మెత్తగా ఉంది కదా అని ఒక కొత్త కండువా మెడలో వేసుకుని కూరగాయలకి బయల్దేరాడు. అది ఏ సభలోదో, ఎవరిచ్చిందో ఆయనకి గుర్తులేదు. మార్కెట్ వీధిలో ఎదురొచ్చిన ఊరేగింపు వాళ్ళకి మాత్రం ఆ రంగు బాగా తెలుసు. "మాస్టారు మనవాడేరోయ్!" అంటూ ఎత్తి జీపు మీద నిలబెట్టారు. ఆయన చేతిలోని సంచి పైకెత్తి, "నాయనా, నేను వంకాయలకి వచ్చాను," అని అరిచాడు. జనం దాన్ని నినాదం అనుకుని చప్పట్లు కొట్టారు. వీధి మలుపులో ఎదుటి పార్టీ ఊరేగింపు తగిలింది. అందులో ఉన్న పాత శిష్యుడొకడు, "మీరు కూడానా సార్!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ పూట ఇంట్లో వంకాయ కూర లేదు.

ఆ సాయంత్రం కోడలు మాధురి నడుం బిగించింది. ఆమె ఒక ప్రైవేటు బళ్ళో సోషలు చెబుతుంది. మామగారంటే ప్రేమ, గందరగోళమంటే పడదు.

"మావయ్యగారూ, మీరేమీ అనుకోకండి. ఎవరిచ్చింది వేసుకుంటే వాళ్ళ మనిషైపోతున్నారు. మీకంటూ ఒక తీరు ఉండాలి."

"ఈ వయసులో తీరేమిటమ్మా? వాలకం ఉంది, చాలదా?"

"ఆ వాలకానికి తగ్గ కండువాలేవో తేలుద్దాం. మిగతావి తీసేద్దాం."

ఆదివారం పొద్దున బీరువాలోవన్నీ తెచ్చి మంచం మీద పోసింది. మంచం కనపడలేదు. ఎదురింటి దర్జీ అలీ సాహెబుని పిలిపించింది. అలీ సాహెబు మాస్టారికి పాతికేళ్ళ స్నేహితుడు. మెడలో కొలత టేపు లేకుండా ఆయన నమాజుకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళడు.

"సాయిబుగారూ, మీరు బట్ట చూడండి. నేను రంగు చూస్తాను," అంది మాధురి.

"మరి నేనేం చెయ్యను?" అన్నాడు చెంచురామయ్య.

"మీరు మెడ ఇవ్వండి మావయ్యగారూ, చాలు."

ఆయన్ని నిలువుటద్దం ముందు నిలబెట్టి ఒక్కొక్కటే మెడ మీద వేసి చూడటం మొదలైంది. ఊదారంగు మీద వెండి చుక్కలది వేసి మాధురి వెనక్కి జరిగింది. "చిచ్చుబుడ్డిలా ఉన్నారు," అంది. అలీ సాహెబు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, "పాలిస్టరు. మనుషులకి కాదమ్మా, పెళ్ళికుర్చీలకి కప్పేది," అన్నాడు. ఇంకోదాని మీద బంగారు అక్షరాలతో ఘన సన్మానం అని, కింద ఎవరో రిటైర్డు తాసిల్దారు పేరు ఉంది.

"ఇది మీ పేరు కాదుగా!"

"ఆ తాసిల్దారు ఆ రోజు రాలేదమ్మా. నేను ముందు వరసలో ఉన్నాను."

అలీ సాహెబు నవ్వితే మెడలో టేపు ఊగింది. "మాస్టారూ, మీరు దొరకబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కండువా మైకు స్టాండుకి వేసేవాళ్ళు."

గుట్ట అడుగున పాత వార్తాపత్రికలో చుట్టిన ఒక మడత దొరికింది. విప్పితే ఎండిన వేపాకు రాలింది. పాలమీగడ రంగు నూలు కండువా. పండుమిరప రంగులో సన్నటి అంచు. రెండు చివరలా దారాలు చేత్తో ముడులేసిన చిన్న చిన్న కుచ్చులు. ఒక మూల చిరుగుకి దారం అల్లి రఫ్ఫు చేసిన గుర్తు. మాధురి దాన్ని ఆయన మెడలో వేసింది. అద్దంలో మొదటిసారిగా కండువా కనపడకుండా మనిషి కనపడ్డాడు.

"ఈ కుచ్చులు అమ్మగారు ముడేసినవి," అన్నాడు అలీ సాహెబు మెల్లగా. "చీరాల్లో కొనుక్కొచ్చారు. అంచు మిషను మీద మడిచి కుడతానంటే, మిషను మడత ఆయన మెడకి గుచ్చుకుంటుంది సాయిబూ అని ఒప్పుకోలేదు. ఇలాంటివి నాలుగైదు ఉండాలే?"

"వేసుకుని వేసుకుని చిరిగిపోయాయి. ఇదొక్కటే మిగిలింది," అన్నాడు చెంచురామయ్య. ఆయన వేలు ఒక కుచ్చు మీదే ఉంది. మిగిలినవన్నీ ఊరు కప్పినవి. ఇదొక్కటీ తన కోసం కొన్నది. ఇన్నాళ్ళూ తనకి ఏది నప్పుతుందో తెలిసిన మనిషి ఇంట్లో ఉంది కాబట్టి తనకి తెలియాల్సిన అవసరం పడలేదు.

"తీరు దొరికింది మావయ్యగారూ," అంది మాధురి. "నూలు, లేత రంగు, సన్నంచు. ఇలాంటివి ఉంచుదాం."

అలాంటివి వెతికితే ఇంకో మూడు దొరికాయి. వాటికి కుచ్చులు లేవు కానీ మెడకి అపకారం చెయ్యవు. తక్కినవన్నీ మూటగట్టి, మాస్టారి పొలం కౌలుకి చేస్తున్న వెంకయ్యకిచ్చారు. మిరపకోతల కాలం. కోతకొచ్చే ఆడవాళ్ళు ఘాటుకి ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుంటారు, వాళ్ళకి పనికొస్తాయని. వారం తిరక్కుండా వెంకయ్య వచ్చి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"అయ్యగారూ, కూలోళ్ళు కోతకొచ్చారో మీటింగుకొచ్చారో తెలవటంలా. మేస్త్రీ ముక్కు మీద ఘన సన్మానమని రాసుంది. ఆవిడిప్పుడు నేను చెప్పిన మాట వింటంలేదండీ."

ఆ మరుసటి వారం గుంటూరులో స్థిరపడ్డ పాత విద్యార్థులు ఒక కల్యాణమంటపంలో మాస్టారికి సన్మానం పెట్టుకున్నారు. అంటే మళ్ళీ ఒక శాలువా. కాదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. "వాళ్ళు కప్పేది కప్పనివ్వండి," అంది మాధురి. "మీరు మాత్రం మీ కండువాతో వెళ్ళండి." ఆయన సుబ్బరావమ్మ కుచ్చుల కండువాని స్వయంగా ఇస్త్రీ చేయించి, స్వయంగా కొక్కేనికి తగిలించి, స్నానం చేసి వచ్చి ఎవరో తగిలించినట్టే తీసి వేసుకున్నాడు. తోడుగా అలీ సాహెబు వస్తానన్నాడు. గుంటూరులో ఆయనకి గుండీల పని ఉంది.

పేట బస్టాండు ఆ పొద్దున కొట్టిన పత్తిలా జనంతో ఉబ్బి ఉంది. పెళ్ళిళ్ళు ఒకవైపు, మిరపయార్డుకి వెళ్ళే రైతులు ఒకవైపు. గుంటూరు బోర్డున్న బస్సు ఒకటి వచ్చి ఆగగానే జనం కిటికీల మీద పడ్డారు. చేతిరుమాలు వేసేవాడు వేశాడు, సంచి తోసేవాడు తోశాడు, ఒకాయన పిల్లాణ్ణే కిటికీలోంచి లోపలికి దించాడు. చెంచురామయ్య చెయ్యి నలభై ఏళ్ళ అలవాటుతో తనంతట తాను భుజం మీదికి పోయింది. కండువా గాల్లో తేలి, కిటికీలోంచి మూడో సీటులో అందంగా పడింది.

సీటు మీద కండువా పడ్డాక ఈ ప్రాంతంలో మనిషికి ఇక కంగారు ఉండదు. అది రిజిస్ట్రీ అయిన స్థలంతో సమానం. ఆయన నెమ్మదిగా వెళ్ళి అలీ సాహెబుతో టీ తాగాడు. తాగుతూ మిరపకాయల రేటు గురించీ, ఇంటిపక్క కుక్క గురించీ మాట్లాడుకున్నారు. తిరిగొచ్చేసరికి బస్సు లేదు.

"గుంటూరు బస్సేదోయ్?" అని పళ్ళబండివాణ్ణి అడిగాడు.

"గుంటూరుది ఇంకా రాలేదుగా మాస్టారూ."

"ఇప్పుడే ఇక్కడుంది! బోర్డు చూసి కండువా వేశాను."

"అదా? అది గుంటూరు నుంచి గుంటూరు-పేట బోర్డుతో వచ్చిన బండి. ఇక్కణ్ణుంచి చీరాల సర్వీసు. డ్రైవరు టీ తాగొచ్చి బోర్డు మారుస్తాడు. పేటలో పుట్టినోళ్ళందరికీ తెలుసుగా!"

చెంచురామయ్యకీ తెలుసు. కానీ ఇద్దరూ బస్టాండుకి వచ్చిన ప్రతిసారీ పని పంచుకునేవారు. సుబ్బరావమ్మ ముందు వెళ్ళి, "గుంటూరేనా బాబూ?" అని డ్రైవర్ని అడిగేది. ఆమె తల ఊపితే ఈయన కండువా వేసేవాడు. అదీ గళ్ళది, మంచిది కాదు. ఇవాళ ఆయన తన వంతు పని చేశాడు. ఆమె వంతు ఎవరూ చెయ్యలేదు.

ఆయన ఖాళీ భుజం తడుముకున్నాడు. "సాయిబూ, ఆవిడ చేత్తో ముడేసింది అదొక్కటే ఉంది," అన్నాడు.

అలీ సాహెబు రోడ్డు మీదికి నడిచాడు. గుంటూరు యార్డులో మిరపకాయ దింపి పర్చూరు వెనక్కి వెళ్తున్న ట్రాలీ ఆటోని చెయ్యెత్తి ఆపాడు. దాని డ్రైవరు ఇమ్మానియేలు మాస్టారి దగ్గర ఇంటరు తప్పినవాడు. గురుభక్తి తప్పనివాడు.

"ఎక్కండి సార్! ముందు సీట్లో మా అత్తగారున్నారు. వెనకాల కూర్చోవాలి మరి."

వెనకాల ఖాళీ గోనెసంచులున్నాయి. సంచులు ఖాళీవే కానీ వాటిలో మిరప ఇంకా ఖాళీ కాలేదు. బండి రోడ్డెక్కి గాలి తగలగానే ఎర్రటి పొడి లేచింది. అలీ సాహెబు తుమ్మాడు. చెంచురామయ్య తుమ్మాడు. తర్వాత ఇద్దరూ వంతులు మానేసి కలిసి తుమ్మారు.

"ముక్కుకి కట్టుకోడానికి..." హాచ్! "...ఒక కండువా ఉంటే..." అన్నాడు అలీ సాహెబు.

"ఊరందరికీ..." హాచ్! "...పంచిపెట్టానయ్యా!"

కాలవ వంతెన దగ్గర ఆటో ఆగింది. చీరాల బస్సు దిగిన ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. కళ్ళల్లో నీళ్ళు కారుతూ చెంచురామయ్య అడిగాడు: "అమ్మా, ఆ బస్సులో మూడో సీట్లో ఒక కండువా చూశారా?"

"ఎందుకు చూళ్ళేదు! కాలు పెట్టే సందు లేదు, అయినా ఆ సీటు ఖాళీ. కూర్చోబోతే కండక్టరు ఒప్పుకోలా. ఎవరో పెద్దాయన సామాను కట్టటానికి టాపు మీదికి ఎక్కాడంట."

"టాపు మీదికా?"

"అట్టా అన్నారు మరి. ఇంతకీ మీరెందుకు బాబాయ్ ఏడుస్తున్నారు?"

"ఏడుపు కాదమ్మా, మిరప," అని తుమ్మాడు.

పత్తి మిల్లు స్టాపులో బస్సు దిగిన ఒక రైతు బీడీ ముట్టిస్తున్నాడు. ఆయన దగ్గరకి వచ్చేసరికి కథ కొంచెం ముదిరింది. "కండువా ఆసామికి ఒంట్లో బాలేదంటండీ. వెనక సీట్లో పడుకోబెట్టారంట. డాక్టరు గాలి తగలమన్నాడని కిటికీ సీటు అట్టిపెట్టారు. నేనూ నుంచునే వచ్చా. పెద్దమనిషి, పాపం."

"ఆయన్ని చూశావా?" అన్నాడు అలీ సాహెబు.

"జనంలో ఏం కనపడుద్ది? కండువా మాత్రం చూశా. మంచి కండువా. వేసుకునేవోడు ఎట్టాంటోడో దాన్ని చూస్తే తెలుస్తుంది."

చెంచురామయ్యకి ఆ మాట బాగుంది. పాతికమంది కలిసి వెనక సీట్లో పడుకోబెట్టినా ఆ మాట బాగుంది. ఇమ్మానియేలు మాత్రం అత్తగారు వారిస్తున్నా వినకుండా గేరు మార్చాడు.

పర్చూరు పొలిమేరలో ఒక ముసలమ్మ ఎదురైంది. బస్సు అనగానే అందుకుంది. "ఇంకేం బస్సు నాయనా! ఎవరో పేట మాస్టారంట, బస్సెక్కబోతా అక్కడే పోయాడంట. కండువా ఒక్కటీ ఊరికొస్తంది. ఎవరూ కూర్చోలా ఆ సీట్లో. నేను దణ్ణం పెట్టుకుని దిగా."

అలీ సాహెబు స్నేహితుడి వైపు చూశాడు. "మాస్టారూ, త్వరగా పోదాం. ఇంకో స్టాపు దాటితే పెద్దకర్మ కూడా అయిపోద్ది."

చీరాల బస్సు పర్చూరు స్టాండులో ఇంకా ఉంది. డ్రైవరు మళ్ళీ టీ తాగుతున్నాడు. చెంచురామయ్యకి ఆ డ్రైవరు టీ అలవాటు మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయింది. నెత్తీ మీసాలూ ఎర్రటి పొడితో, కారే కళ్ళతో ఇద్దరూ బస్సెక్కారు.

"నా కండువా..." అన్నాడు చెంచురామయ్య.

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. కండక్టరు క్రీస్తుదాసు టికెట్ల సంచి గుండెకి అదుముకుని, "మీరు బతికే ఉన్నారాండీ?" అన్నాడు.

"ఉన్నానయ్యా. టీకి వెళ్ళాను."

"టీకా!" మూడో సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ గొంతు లేచింది. "పేట కాణ్ణించీ మోకాళ్ళు పట్టేసినా నుంచున్నా! పోయిన మనిషి సీటు, పాపం తగులుద్దని నుంచున్నా! నువ్వు టీ తాగొచ్చావా!"

"తప్పయిపోయిందమ్మా. ఇప్పుడు కూర్చో."

"ఎక్కడ కూర్చునేది? చూడు!"

చెంచురామయ్య చూశాడు. సీటు ఖాళీగా లేదు. కండువా మీద ఏడెనిమిది నెలల పసిబిడ్డ ఒకడు వెల్లకిలా పడి నిద్రపోతోంది. సీటు చివర ఆనీ ఆననట్టు ఒక పడుచుపిల్ల, ఆ బిడ్డ తల్లి, చెయ్యి అడ్డంపెట్టి కూర్చుని ఉంది.

"ఏమనుకోమాకండి తాతా," అందా అమ్మాయి లేవబోతూ. పేరు షాహిస్తా అట, పుట్టింటికి చీరాల వెళ్తోంది. "పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. అందరూ ఆ సీటు మీద చెయ్యి కూడా వెయ్యటంలేదు. నేనే కండువాకి ఒక మాట చెప్పి పడుకోబెట్టా. పోయినాయన పెద్దాయన కదా, పసిబిడ్డని ఏమీ అనుకోడులే అని. వెంటనే నిద్రపోయాడు. ఉండండి, తీసిస్తా."

"ఉండమ్మా, ఉండు!" అన్నాడు చెంచురామయ్య. అంత గట్టిగా ఆయన క్లాసులో కూడా ఎప్పుడూ అనలేదు. బిడ్డ పిడికిలిలో ఒక కుచ్చు ఉంది. సుబ్బరావమ్మ వరండాలో కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించి ముడేసిన కుచ్చు. పొద్దు వాలినా దీపం వెయ్యనివ్వకుండా, ఇంకొక్కటే ఇంకొక్కటే అంటూ ముడేసిన కుచ్చు. లాగితే కుచ్చు రాదు. బిడ్డ నిద్ర చెడుతుంది.

"మరి గుంటూరు?" అన్నాడు అలీ సాహెబు చెవిలో. "అక్కడ మీ శిష్యులు మైకు కూడా పెట్టేసుంటారు."

"ఎవరో ఒకరు ముందు వరసలో ఉంటారులే సాయిబూ. టికెట్లు తీసుకో. చీరాలకి రెండు."

టీ ముగించుకుని డ్రైవరు వచ్చాడు. పర్చూరులో కొందరు దిగారు. మోకాళ్ళ పెద్దావిడకి వెనక వరసలో చోటు దొరికింది. కూర్చుంటూ కూడా ఆవిడ, "టీ అంట, టీ!" అని ఒకసారి అంది. చెంచురామయ్య తన సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దారి పొడవునా ఎక్కినవాళ్ళెవరైనా ఆ సీటు వైపు చూస్తే క్రీస్తుదాసు అడ్డుపడి, "ఆ సీటు ఆయనదండీ," అని నిలబడి ఉన్న మాస్టారిని చూపించేవాడు. వాళ్ళు సీటుని చూసి, మాస్టారిని చూసి, కండక్టరుకి ఎండ దెబ్బ తగిలిందని తేల్చుకుని జరిగిపోయేవారు. ఒకసారి చెంచురామయ్యకి తుమ్ము వచ్చింది. ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని, మొత్తం ఒళ్ళు కదిలేలా లోపలే తుమ్మాడు. బిడ్డ కదల్లేదు. పక్కన అలీ సాహెబు మోచేత్తో మెచ్చుకున్నాడు.

చీరాల స్టాండులో బస్సు ఆగిన కుదుపుకి బిడ్డ లేచాడు. లేచి పిడికిలి విప్పి, ఎర్రటి మీసాల తాతని చూసి బోసినోరు తెరిచి నవ్వాడు. షాహిస్తా వాణ్ణి ఎత్తుకుంది. వెంటనే నాలిక కరుచుకుంది.

"అయ్యో తాతా... తడిపేశాడు."

చెంచురామయ్య కండువా అందుకుని చూశాడు. కుచ్చులన్నీ ఉన్నాయి. తడి మాత్రం నడిమధ్యన, చెయ్యంత వెడల్పున ఉంది. ఆయన దాన్ని దులిపి భుజం మీదికి తేబోయాడు.

"ఆగండాగండి!" అని అలీ సాహెబు చెయ్యి పట్టుకున్నాడు. "స్నేహం వేరు, ఇది వేరు. ముందు కుళాయి కింద పెట్టండి. ఆరిందాకా నా పక్కన నడవమాకండి."

స్టాండు కుళాయి దగ్గర కండువా తడిపి, ఇద్దరూ చెరో చివరా పట్టుకుని పిండారు. ముడులు నలగకుండా కుచ్చుల వైపు చెంచురామయ్యే పట్టుకున్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి గుంటూరుకి ఫోన్ చేశాడు. అవతల శిష్యుడి గొంతు హుషారుగా ఉంది.

"ఏం పర్లేదు సార్! మీరు ఆలస్యమయ్యేసరికి మీ కుర్చీకే శాలువా కప్పేశాం. ఫొటో కూడా తీయించాం. కుర్చీ చాలా బాగా వచ్చింది సార్!"

"సంతోషం నాయనా," అన్నాడు చెంచురామయ్య. నిజంగానే సంతోషించాడు. ఆ శాలువా ఇంటికి రాదు.

స్టాండు వెనక వీధిలో చేనేత దుకాణాలున్నాయి. ఒక దుకాణం ముందు దండేనికి నూలు బట్టలు ఆరేసి ఉన్నాయి. "ఇక్కడ ఒక మూల మాదీ ఆరేసుకోమంటారా?" అని అడిగి, కండువా ఎండలో వేసి, నీడలో కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం బాగుండదని చెంచురామయ్య లోపలికి వెళ్ళాడు. దుకాణదారు జరీవి నాలుగు పరిచాడు. వద్దన్నాడు. నెమళ్ళవి పరిచాడు. నెమళ్ళని చూసి ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. పై అరలో ఒకటి చూపించి తియ్యమన్నాడు. మీగడ రంగు నూలు. సన్నటి ఆకుపచ్చ అంచు, లేత మిరపకాయ రంగు. అలీ సాహెబు వంక చూస్తే ఆయన కావాలనే వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక్కడ అద్దమూ లేదు. చెంచురామయ్య కండువాని మెడకి ఆనించి చూసుకున్నాడు. గుచ్చుకోలేదు.

"ఎవరికండీ, పెళ్ళిలో పెట్టుబడికా?" అన్నాడు దుకాణదారు.

"నాకే."

"చివర్లు మిషను మీద కుట్టించమంటారా?"

"వద్దు. అలాగే ఇవ్వండి. ముడులు ఇంటి దగ్గర వేసుకుంటాం." అని ఆగి, "నేర్చుకుని," అన్నాడు.

సాయంత్రానికి పాత కండువా ఆరింది. చీరాల స్టాండులో పేట బోర్డున్న బస్సు ఒకటి వచ్చి ఆగగానే జనం కిటికీల మీద పడ్డారు. చెంచురామయ్య తొందరపడలేదు. డ్రైవర్ని అడిగాడు, పేటేనా అని. కండక్టర్ని అడిగాడు. బోర్డు వెనక్కి తిప్పి ఏముందో చూశాడు. టీ తాగడానికి దిగుతున్నారా అని కూడా అడిగితే డ్రైవరు, "మీకేమన్నా టీ కావాలాండీ?" అన్నాడు విసుగ్గా.

అప్పుడు చెంచురామయ్య ఎడం చేత్తో భుజం మీది కుచ్చుల కండువాని గట్టిగా అదిమిపట్టి, కుడి చేత్తో కొత్తదాన్ని కిటికీలోంచి విసిరాడు. అది సీటు దాటి, అప్పటికే కూర్చున్న ఒకాయన బట్టతల మీద పడింది.

"ఎవడ్రా అదీ!" అన్నాడు లోపలాయన.

"మేమేనండీ," అన్నాడు చెంచురామయ్య. "పక్క సీటుకి."